పిస్టల్ నూనెలకి 140 డాలర్లు తగలేయకు తమ్ముడూ

తమ్ముడూ, నీ మెసేజ్ తిరుపతిలో మా ఇంట్లో కూచుని చదివాను. నెల రోజుల సెలవు మీద వచ్చాను. గోవిందరాజస్వామి గుడి దగ్గర మా నాన్న నడిపిన టైలర్ షాపు మూసేసి చాలా ఏళ్లయింది గానీ, ఆయన కుట్టుమిషన్ ఇప్పటికీ కిటికీ పక్కనే ఉంది. నీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది, తర్వాత చెప్తా.

కొత్తగా 9 ఎంఎం పిస్టల్ కొన్నావు, షాపువాడు ఏడు రకాల సీసాలు ముందు పెట్టాడు, ఏవి తీసుకోవాలో తెలియక టెన్షన్ పడుతున్నావు. చిత్తూరు నుంచి అమెరికా వెళ్లి ఇంకా ఏడాది కాలేదు, మీ అక్క పిటిషన్ మీద గ్రీన్ కార్డుతోనే దిగావు కాబట్టి అసలు కొనగలిగావు. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్న నీ రూమ్మేట్లు మాత్రం దాన్ని చేత్తో కూడా ముట్టుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, మీ రాష్ట్రం రూల్స్ వేరే ఉంటాయి, అవన్నీ నువ్వే చూసుకో. నాకు చెప్పాలని ఉన్నది డబ్బు సంగతి.

నేను 1998లో హ్యూస్టన్‌లో దిగాను. గ్రీన్ కార్డు వచ్చాక, 2006లో, ఒక సెకండ్‌హ్యాండ్ పిస్టల్ 400 డాలర్లకి కొన్నాను. నికెల్ పూతతో అద్దంలా మెరిసేది. అదే రోజు షాపువాడు చెప్పినవన్నీ బుట్టలో వేశాను: మసి కరిగించి తీసే సాల్వెంట్, రాగి తీసే సాల్వెంట్, జిడ్డు తీసే స్ప్రే, నూనె, గ్రీజు, తుప్పు పట్టకుండా ఇంకో సీసా, తుడుచుకోడానికి తడి గుడ్డల డబ్బా. బిల్లు 140 డాలర్లు. అప్పటి లెక్కలో ఆరు వేల రూపాయలు దాటింది. నాన్న షాపు అద్దెకి రెండు నెలలు సరిపోయేది. ఆ బిల్లు మడిచి పర్సులో పెట్టుకుని చాలాకాలం తిరిగాను.

ఆ సీసాల్లో రాగి తీసేది నన్ను ముంచింది. ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంది. సీసా మీద చిన్న అక్షరాల్లో పదిహేను నిమిషాలకి మించి ఉంచొద్దని రాసి ఉంది, నేను చదవలేదు. బట్టలు రాత్రంతా నానబెడితే మురికి బాగా వదులుతుంది కదా అనుకుని, బ్యారెల్ (తూటా బయటికెళ్లే గొట్టం) నిండా పట్టించి, బయటికి కారింది కూడా తుడవకుండా పడుకున్నాను. పొద్దున చూస్తే గొట్టం మూతి దగ్గర నికెల్ పొక్కు లేచింది. గోటితో తాకితే ఎండిన సున్నంలా రాలింది. నికెల్ పూత కింద చాలాసార్లు రాగి పొర వేస్తారు. అమ్మోనియా సందుల్లోంచి దిగి ఆ రాగిని తినేస్తుంది, పైనున్న పూతకి పట్టు పోతుంది. అమ్మబోతే 180 డాలర్లు ఇస్తామన్నారు. ఒక్క రాత్రిలో 220 పోయాయి.

అసలు మాట ఏమిటంటే, నెలకి రెండుసార్లు షూటింగ్ రేంజ్‌కెళ్లి వంద తూటాలు కాల్చేవాడికి ఆ సీసాతో దాదాపు పనే ఉండదు. పిస్టల్ తూటా వేగం రైఫిల్ కంటే చాలా తక్కువ, తూటా మీది రాగి తొడుగు నుంచి బ్యారెల్‌లో రాగి పేరుకోవడమూ తక్కువే. నీకు పట్టేది తుపాకీమందు మసి, కాస్త సీసం. దానికి మామూలు సాల్వెంట్ చాలు.

ఆ దెబ్బతో పిసినారితనం పట్టుకుంది. అదీ తప్పే. తలుపు బందులకి కొట్టే స్ప్రే ఒకటి చవగ్గా దొరికితే ఆర్నెల్లు అదే వాడాను. అలాంటి స్ప్రేలు తడిని తోసేయడానికి మంచివి, ఆరాక మాత్రం పల్చటి జిగురు పొర మిగులుతుంది. స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం, బరువుగా కదలడం మొదలైంది. దాన్ని వదిలించడానికి కారు బ్రేకులు కడిగే స్ప్రే తెచ్చాను, మూసిన గ్యారేజీలో కొట్టాను, సాయంత్రం దాకా తలనొప్పి. ఎయిమింగ్ కోసం వేసిన తెల్ల చుక్కలు కరిగిపోయాయి, పిడి మీద ప్లాస్టిక్ బూడిద పట్టినట్టయింది. కొత్త పిడి పలకలకి 60 డాలర్లు. నీ పిస్టల్‌కి కింద భాగమంతా పాలిమర్, అంటే ఒకరకం ప్లాస్టిక్, అంటున్నావు కాబట్టి అసిటోన్, బ్రేక్ క్లీనర్ దాని దరిదాపుల్లోకి రానివ్వకు.

ఇక ఏం కొనాలంటే, మొదట ఒక సీఎల్‌పీ సీసా. కడగడం, నూనె పట్టించడం, తుప్పు ఆపడం మూడూ అదే చేస్తుంది, పేరులోని మూడక్షరాలూ వాటికే. నాలుగు ఔన్సులది, అంటే 120 మిల్లీలీటర్ల లోపు, నీలాంటివాడికి ఏడాది దాటినా వస్తుంది. స్ప్రే డబ్బా వద్దు, గాలికి డబ్బు కడతావు, సగం టేబుల్ మీదే పడుతుంది. మసి మొండిగా ఉంటే అప్పుడు హాపీస్ నంబర్ 9 సాల్వెంట్ చిన్న సీసా తీసుకో. 1903 నుంచి ఉన్న సరుకు. వాసన రూమ్మేట్లకి పడకపోతే బాలిస్టాల్ అనే నూనె చూడు, జర్మనీవాళ్లది, 1904 నాటిది, నీళ్లతో కూడా కలుస్తుంది. 9 ఎంఎం కంచు బ్రష్ ఒకటి, కడ్డీ ఒకటి. గుడ్డ ముక్కలు మాత్రం కొనకు. పాత నూలు బనియన్ కత్తిరిస్తే రెండొందల ముక్కలు వస్తాయి.

కుట్టుమిషన్ నూనె పిస్టల్‌కి సరిపోతుందా అని అడిగావు. అది పల్చటి మినరల్ ఆయిల్, ఒకరోజుకి పర్వాలేదు, కానీ త్వరగా జారిపోతుంది, తుప్పుని పెద్దగా ఆపదు. హ్యూస్టన్ లాంటి ఉక్కబోత ఊళ్లో అసలు చాలదు. వంటింటి నూనెలు మాత్రం తేవద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, వేరుశనగనూనె కొన్నాళ్లకి బంక అవుతుంది.

నాన్న మిషన్‌కి నూనె వేసేటప్పుడు పక్కన నిలబడి చూసేవాణ్ని. రంధ్రంలో ఒక్క చుక్క. చక్రం రెండు తిప్పులు. చిత్తుగుడ్డ మీద నాలుగు కుట్లు, మరక పడకపోతేనే గిరాకీ బట్ట పెట్టేవారు. నేను అమెరికా వెళ్లి అది మరిచిపోయాను. పిస్టల్‌కి నూనె ఓడుతుంటే బాగా చూసుకుంటున్నాననుకున్నాను. ఎక్కువైన నూనె మసిని పట్టుకుని నల్లటి ముద్ద చేసింది, రేంజ్‌లో మూడో మ్యాగజైన్‌కి (తూటాలు నింపే పెట్టె) స్లైడ్ ఇరుక్కుంది.

నువ్వు చేయాల్సింది ఇది. మ్యాగజైన్ తీసెయ్, ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూచునే చోట, ఏమీ లేదని కంటితో చూడు, వేలితో తడిమి చూడు, తూటాలన్నీ ఇంకో గదిలో పెట్టు. విప్పి బయటికి తీసిన బ్యారెల్‌లో సీఎల్‌పీతో తడిపిన గుడ్డ దూర్చి పది నిమిషాలు ఆగు, బ్రష్ వెనకనుంచి ముందుకి తొయ్యి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడువు. స్లైడ్ జారే పట్టాలకి ఒక్కో చుక్క, బ్యారెల్ పైన ఒక చుక్క, వేలితో పామి మిగిలింది తుడిచెయ్. మ్యాగజైన్ లోపల, తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ గాడిలో నూనె వద్దు. తూటాలకి అసలే అంటకూడదు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ పాడైతే పేలదు.

అన్నం తినే టేబుల్ మీద, వంటింటి సింకులో ఈ పని చేయకు. ఆ మసిలో సీసం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. నైట్రైల్ గ్లవ్స్ వేసుకో, తర్వాత చన్నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కో. తడిసిన గుడ్డలు మూతున్న రేకు డబ్బాలో వెయ్, వాటర్ హీటర్ దగ్గర పెట్టకు. వాడేసిన సాల్వెంట్ డ్రెయిన్‌లో పోయకు, చాలా కౌంటీల్లో ఇళ్ల నుంచి వచ్చే రసాయనాలు ఉచితంగానే తీసుకుంటారు.

ఇంకొకటి, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు ఇండియాకి తేవద్దు. చెన్నైలో దిగినా రేణిగుంటలో దిగినా, మరిచిపోయిన ఒక్క తూటా దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. లాయరు ఫీజు, పోయిన టికెట్ కలిపితే నా 140 ఏ మూలకి? మీ అమ్మానాన్నలు పండక్కి వస్తున్నావని ఎదురుచూస్తూ ఉంటారు. కొత్త బ్యాగు కొనుక్కో, ఇక్కడ మాత్రం డబ్బు చూడకు.

మిగతావన్నీ కలిపి నలభై డాలర్లు దాటకూడదు. దాటితే బిల్లు ఫోటో పంపు, ఏది వెనక్కి ఇచ్చేయాలో చెప్తా.