తాతయ్య ఫోనుతో మొదలుపెట్టు

తమ్ముడూ,

"పాత ఫోను అమ్ముతున్నారా? జాగ్రత్త!" అని నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకు పడుతూ చదివాను. రెండోసారి ఆరో పేరాలో ఉన్న ఒక్క మాట కోసం చదివాను. "తాతయ్య ఫోను ఇంకా బీరువాలోనే ఉంది, పట్టుచీరల కింద. అమ్మడానికి అమ్మమ్మ ఒప్పుకోలేదు. అందులో ఆయన గొంతు ఉందంట." ఇంత మాట రాసి, వెంటనే "ఇక విషయానికి వస్తే" అంటూ దాటేశావు. విషయం అదేరా!

నువ్వడిగిన ఐదు ప్రశ్నల్లో తెలుగులో టెక్నాలజీ రాసి బతకొచ్చా, కలంపేరు పెట్టుకోవాలా అనేవాటి జోలికి ఈ ఉత్తరంలో పోను. నీ వాక్యం శుభ్రంగా ఉంది. ఆ మాట ఒకసారి చెప్పేశాను, మళ్లీ మళ్లీ చెప్పను.

ముందు చిరాకు సంగతి. "నేటి డిజిటల్ యుగంలో స్మార్ట్‌ఫోన్ మన జీవితంలో విడదీయరాని భాగమైపోయింది" అని మొదలుపెట్టావు. ఆ ముక్క తెలియనివాడు నీ వ్యాసం ఎలాగూ చదవడు. మొదటి మూడు పేరాలూ కొట్టెయ్. "షాక్", "బీ అలర్ట్" లాంటి మాటలూ తీసెయ్. నువ్వే రాశావో, ఎడిటర్లకు నచ్చుతాయని రాశావో నాకు తెలీదు. ఎడిటర్లకు నచ్చుతాయి, అది మాత్రం తెలుసు. ఫోను పెట్టె విప్పి, డబ్బా రంగు వర్ణించి, రెండు రోజులు వాడి రివ్యూ అని అచ్చేసే రోజులివి. రెండేళ్లు వాడాక బ్యాటరీ ఎన్ని గంటలు వస్తోందో రాస్తానంటే "అది వార్త కాదండీ" అంటారు.

అసలు తప్పు నాలుగో పేరాలో ఉంది. "రీసెట్ చేశాక ఫోను నిండా సినిమాలు ఎక్కించి మళ్లీ రీసెట్ చేయాలి, ఇలా మూడుసార్లు" అని రాశావు. ఎక్కడో చదివి ఎత్తిరాశావు. ఒకప్పుడు ఆ సలహాలో పస ఉండేది. 2015లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు 21 పాత ఆండ్రాయిడ్ ఫోన్లు తీసుకుని, రీసెట్ చేశాక కూడా వాటిలోంచి పాత సమాచారం బయటికి వస్తోందని చూపించారు. కానీ అవి ఆండ్రాయిడ్ 2.3 నుంచి 4.3 దాకా నడిచిన ఫోన్లు. తర్వాత ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారానికి తాళం వేసి దాచే పద్ధతి వచ్చింది. ఆండ్రాయిడ్ 6 నాటి నుంచి కాస్త జోరుగా పనిచేసే కొత్త ఫోన్లకూ, ఆండ్రాయిడ్ 10తో అమ్మకానికి వచ్చిన ప్రతి ఫోనుకూ అది తప్పనిసరి. ఇప్పటి ఫోనులో ఫొటో అయినా మెసేజీ అయినా తాళం వేసే నిల్వ అవుతుంది. రీసెట్ కొడితే ఆ తాళంచెవి నాశనమైపోతుంది. లోపల ఏం మిగిలినా అర్థంలేని అంకెల గుట్టే. కాబట్టి ఒక్క రీసెట్ చాలు. మూడుసార్లు సినిమాలు ఎక్కించమంటే పాఠకుడి ఆదివారం పోతుంది, అంతే.

అసలు భయపెట్టాల్సిన చోటేమో తేలిగ్గా వదిలేశావు. "మెమరీ కార్డు ఫార్మాట్ చేసి ఇచ్చేయవచ్చు" అన్నావు. వద్దు! మెమరీ కార్డుకు చాలావరకు ఆ తాళం ఉండదు. మామూలు ఫార్మాట్ చేసే పనల్లా పుస్తకంలో విషయసూచిక పేజీ చింపడమే, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో, కార్డ్ రీడరున్న ఏ కుర్రాడైనా ఆ ఫొటోలు వెనక్కి తీస్తాడు. కార్డు ఖరీదు కొన్ని వందలు. తీసి ఇంట్లో పెట్టుకోమని రాయి. సిమ్ము ట్రే తీసేటప్పుడు కార్డు కూడా అదే ట్రేలో వెనకవైపు అతుక్కుని ఉండొచ్చని కూడా రాయి. చాలామంది సిమ్ము తీసుకుని కార్డు మర్చిపోయేది అక్కడే.

నాకొక పిచ్చి ఉంది, ఇక్కడే చెప్పేస్తా. సాంకేతిక వ్యాసానికి ప్రాణం "ఇలా చేయండి" అన్న మాటలో ఉండదు, "ఇలా చేస్తే ఇక్కడ తప్పుతుంది, ఎందుకంటే" అన్న మాటలో ఉంటుంది. మొదటిది ఎవడైనా రాస్తాడు, ఫోనే చెప్తుంది. రెండోది నువ్వు చేతిలో ఫోను పట్టుకుని, తప్పు చేసి చూసి రాయాలి. నీ వ్యాసంలో "సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీసెట్ చేయండి" అని ఒక్క ముక్క ఉంది. చూడు, ఆ ఒక్క ముక్కలో ఎన్ని గోతులున్నాయో.

సెట్టింగ్స్‌లోంచి, పిన్ కొట్టి రీసెట్ చేస్తే పేచీ లేదు. పిన్ మర్చిపోయినవాళ్లు ఏం చేస్తారు? పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రికవరీ మెనూలోంచి రీసెట్ కొడతారు. ఫోను శుభ్రంగా తుడిచిపెట్టుకుపోతుంది. తీరా కొన్నవాడు ఆన్ చేస్తే "ఈ ఫోనులో ఇంతకుముందున్న గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వండి" అని మొండికేస్తుంది. దొంగలకు పనికిరాకుండా ఆండ్రాయిడ్ 5.1 నుంచి పెట్టిన కాపలా అది. ఐఫోనుకు ఐఓఎస్ 7తో, 2013లోనే వచ్చింది. అందుకే ముందు ఖాతాల జాబితాలోంచి గూగుల్ ఖాతా తీసేసి, తర్వాత సెట్టింగ్స్‌లోంచే రీసెట్ కొట్టాలి. ఒక పత్రికకు నేనిచ్చిన వ్యాసంలో సరిగ్గా ఈ రెండు వాక్యాలే స్థలం చాల్లేదని కోసేశారు. పక్కన ఫోను పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మకు మాత్రం స్థలం దొరికింది. ఆ వ్యాసం చదివి ఫోనమ్మినవాళ్లు నాకు రాసిన ఉత్తరాలు ఇంకా దాచుకున్నాను.

రీసెట్ ముందర ఇంకో గొయ్యి, లాగిన్‌కు కోడ్‌లు చూపించే ఓటీపీ యాప్. గూగుల్ ఆథెంటికేటర్ కోడ్‌లు 2023 ఏప్రిల్ దాకా ఖాతాకు సింక్ అయ్యేవి కావు. ఇప్పటికీ సింక్ పెట్టుకోనివాళ్లున్నారు. రీసెట్ కొట్టాక ఆ కోడ్‌లు ఎక్కడా ఉండవు. వాట్సాప్ బ్యాకప్‌దీ ఇదే తంతు. "బ్యాకప్ ఉందిలే" అనుకుంటారు, తేదీ చూస్తే పోయిన సంక్రాంతిది. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా లెక్క. అది నిండితే బ్యాకప్ చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. కొత్త ఫోను పక్కనే ఉంటే డ్రైవ్‌తో పనే లేదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్‌కి వెళ్లి, ట్రాన్స్‌ఫర్ చాట్స్ నొక్కి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా ఎక్కిపోతుంది.

"పాడైన సెల్లులు కొంటాం, ప్లాస్టిక్ డబ్బాలిస్తాం" అని మైకు పెట్టుకుని బండ్ల మీద తిరిగేవాళ్ల గురించి నువ్వు రాయనేలేదు. మీ ఊళ్లో రారా? 2024లో రామగుండం పోలీసులు ఇలా పోగేసిన వేల ఫోన్లతో ఒక ముఠాను పట్టుకున్నారు. స్క్రీను పగిలింది కాబట్టి ఫోను చచ్చిందని మనం అనుకుంటాం. లోపల సమాచారం ఉండే మదర్‌బోర్డు బతికే ఉంటుంది. టచ్ పోయి బొమ్మ మాత్రం కనిపిస్తుంటే ఓటీజీ పిన్నుకు (ఛార్జింగ్ రంధ్రంలో పెట్టి మౌస్ లాంటివి తగిలించే చిన్న ముక్క) మౌస్ తగిలించి రీసెట్ కొట్టొచ్చు. కొన్ని కంపెనీల ఫోన్లలో మాత్రం ఓటీజీ ముందు సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. టచ్ లేనిదే అది ఆన్ కాదు. ఆ చిక్కు కూడా రాయి. బొమ్మ కూడా రాకపోతే ఆ ఫోను డబ్బాకు మార్చుకోవద్దని రాయి.

చట్టం గురించి రెండు పేరాలు రాశావు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పు, 2023 డేటా రక్షణ చట్టం, 250 కోట్ల దాకా జరిమానా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ అవి అక్కడ ఊరికే నిలబడున్నాయి. ఆ చట్టంలోనే 14వ సెక్షన్ ఉంది. మనిషి పోయాక అతని డేటా మీద హక్కులు ఎవరు వాడుకోవాలో ముందే నామినేట్ చేసుకోవచ్చని చెప్పేది. తాతయ్య కథకు కావాల్సింది అది. జరిమానా అంకె కాదు.

ఇక తాతయ్య ఫోను. అమ్మమ్మను అడిగి బయటికి తీయించు. ప్యాటర్న్ ఎవరికి తెలుసో ముందు కనుక్కో. ఛార్జి పూర్తిగా దిగి మళ్లీ లేచిన ఫోను వేలిముద్ర ఒప్పుకోదు, పిన్నో ప్యాటర్నో గీయాల్సిందే. ఎవరికీ గుర్తులేకపోతే అన్‌లాక్ చేసిస్తామనే షాపుకు మాత్రం తీసుకెళ్లకు. వాళ్లలో చాలామంది చేసేది రీసెట్టే. ఫోను తెరుచుకుంటుంది, గొంతు పోతుంది.

ప్యాటర్న్ తెలిస్తే, ఆన్ చేసే ముందు ఇంట్లో వైఫై ఆపు. ఎందుకంటే తాతయ్య నంబరు ఇప్పుడు వేరే ఎవరిదో అయ్యుండొచ్చు. ప్రీపెయిడ్ సిమ్ము 90 రోజులు వాడకపోతే, అందులో బ్యాలెన్సు కూడా లేకపోతే ఆపేస్తారు. ఆపాక ఇంకో 90 రోజులు పక్కన పెట్టి కొత్తవాళ్లకు ఇచ్చేస్తారు. ఆ కొత్త మనిషి అదే నంబరుతో వాట్సాప్ పెట్టుకుని ఉంటే, ఈ ఫోను నెట్‌కి తగలగానే వాట్సాప్ లాగౌట్ అవుతుంది. మళ్లీ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఆ కొత్త మనిషికెళ్తుంది. కాబట్టి నెట్ లేకుండా, వాట్సాప్ జోలికి పోకుండా, కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించు. కంప్యూటర్‌లో ఏమీ కనిపించకపోతే కంగారు పడకు. ఫోను పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి, ఛార్జింగ్ అని ఉన్నదాన్ని ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కు మార్చు. అప్పటికీ రాకపోతే కేబుల్ మార్చు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇంటినిండా ఉంటాయి.

లోపల ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, అందులో మీడియా, అందులో కామ్.వాట్సాప్ అని ఒకటి, దాని లోపల వాట్సాప్, అందులో మళ్లీ మీడియా, అందులో వాయిస్ నోట్స్. ఫోను మరీ పాతదైతే వాట్సాప్ ఫోల్డర్ బయటే కనిపిస్తుంది. వాయిస్ నోట్స్‌లో ఆరంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి. 202114 అంటే 2021లో 14వ వారం. ఒక్కో ఫైలు పేరు పీటీటీతో మొదలై, తర్వాత తేదీ, చివర ఓపస్ అని ఉంటుంది. ఎవరు మాట్లాడారో పేరులో ఉండదు. ఒక్కొక్కటీ వినాల్సిందే. విండోస్ ప్లేయర్ మొరాయిస్తే వీఎల్‌సీలో పాడుతుంది. మొత్తం ఫోల్డరే కాపీ చెయ్, రెండు చోట్ల పెట్టు. తర్వాత కావాలంటే వాట్సాప్ తెరిచి చూడు, చాలాకాలం అప్‌డేట్ లేని యాప్ అసలు తెరుచుకోకపోవచ్చు కూడా. అప్పుడు దాన్ని తీసేసి మళ్లీ వేయకు. తీస్తే యాప్ లోపలి చాట్‌లు పోతాయి. తాతయ్య పంపినవి మీ అమ్మ ఫోనులో కూడా ఉంటాయి, అవీ ఇలాగే తీయించు.

బ్యాంకు యాప్‌లూ, యూపీఐ ముట్టుకోకు. పిన్ తెలిసినా సరే. అది బ్యాంకులో నామినీ కాగితాలతో జరగాల్సిన పని. గూగుల్ ఫొటోల సంగతి మాత్రం వెంటనే చూడు. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలు తీసేస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది కూడా. గూగుల్ ఖాతాలోనే ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. ఇన్ని నెలలు వాడకపోతే ఫలానా మనిషికి నా ఫైళ్లు ఇవ్వమని ముందే రాసిపెట్టుకోవచ్చు. తాతయ్యకు ఎవరూ చెప్పలేదు. నువ్వు మీ నాన్నకు చెప్పు, ఆయనతో పెట్టించి, ఏ స్క్రీను దగ్గర ఆగిపోయారో రాసుకో. అది నీ రెండో వ్యాసం.

మొదటిది తిరగరాసి దసరాలోపు పంపు. పది చిట్కాలుగా విడగొట్టకు, పంపితే చదవను.

ఇంకొకటి. బీరువాలోంచి తీయగానే ఛార్జింగ్ పెట్టకు. బల్ల మీద బోర్లా పెట్టి పక్కనుంచి చూడు. వెనక మూత లేచినా, స్క్రీను అంచు దగ్గర సందు కనిపించినా బ్యాటరీ ఉబ్బినట్టే. నొక్కకు, గుచ్చకు, ఛార్జి ఎక్కించకు. బ్యాటరీ మార్చే మనిషి దగ్గరికి తీసుకెళ్లి, బోర్డు, డేటా ముట్టుకోవద్దని చెప్పి బ్యాటరీ ఒక్కటే మార్పించు. ఉబ్బకపోతే తక్కువ వాట్ల పాత ఛార్జర్‌తో పెట్టి అరగంట ఆగు. అన్నాళ్లు చచ్చిపడున్న బ్యాటరీ మొదటి పది నిమిషాలు ఏ గుర్తూ చూపించదు. పరుపు మీద కాదు, గచ్చు మీద పెట్టు. పక్కనే కూర్చో.