ముందు టేపు తీసుకుని వంటింటి గుమ్మం కొలువు

అమ్మలూ,

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) నేర్చుకుంటాను, ఏ కోర్సులో చేరమంటావత్తా అని అడిగావు. కోర్సు సంగతి తర్వాత చూద్దాం. అసలు నువ్వు హెడ్‌సెట్ తలకి పెట్టుకుని ఒక గంటైనా గడిపావా? యూట్యూబ్‌లో చూశానంటే ఒప్పుకోను, అది పప్పు ఫొటో చూసి ఉప్పు సరిపోయిందని చెప్పడం లాంటిది.

కొత్తదే కొనక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్ దొరికితే చాలు, 2020లో వచ్చిందే అయినా నేర్చుకోవడానికి పనికొస్తుంది. ఫోన్ దూర్చి చూసే అట్టపెట్టెలు మాత్రం వద్దు. 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్ తెచ్చినప్పుడు నేనూ సరదాపడి కొన్నాను. తల ఎటు తిప్పావో దానికి తెలుస్తుంది గానీ ఒక అడుగు ముందుకేశావన్నది తెలీదు. వంగి బల్ల కింద ఏముందో చూద్దామంటే బల్ల కూడా నీతోపాటే కిందికి దిగిపోతుంది. 360 డిగ్రీల వీడియోలతోనూ ఇదే గోల, వాటిని చూసి వీఆర్ అంటే ఇంతేనా అనుకోకు.

తిరునాళ్లలో బయోస్కోప్ పెట్టె కన్నంలోంచి ఢిల్లీ, కాశీ చూశానని తాతయ్య చెప్పేవారు కదా. చుట్టూ ఉన్నది కంటపడకుండా మూసేయడమనే పని ఆ పెట్టే చేసేసింది. రెండు కళ్లకీ కాస్త తేడా ఉన్న రెండు బొమ్మలు చూపిస్తే లోతు కనిపిస్తుందని వీట్‌స్టోన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1838లోనే చూపించాడు. ఇక మిగిలింది, తల కదిలినప్పుడల్లా బొమ్మ కూడా దానికి తగ్గట్టు మారడం. అది 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త చేశాడు, కాకపోతే ఆ సరంజామాని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది, లోపల కనిపించేవి ఒట్టి గీతల బొమ్మలు. ఇప్పటికీ మన కష్టమంతా ఈ మూడోదానితోనే. సెకనుకి 90 ఫ్రేములంటే, అంటే 90 సార్లు బొమ్మ మారాలంటే, ఒక్కోదానికి నీ చేతిలో ఉండేది 11 మిల్లీసెకన్లు, ఆలోపే రెండు కళ్లకీ రెండు బొమ్మలు తయారైపోవాలి. ఆలస్యమైతే కడుపులో తిప్పుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో ఫోన్ చూస్తే వచ్చే వికారమే ఇదీ, కాకపోతే అక్కడ ఒళ్లు కదులుతుంటే కళ్లు కదలట్లేదంటాయి, ఇక్కడ కళ్లు కదిలామంటుంటే చెవి లోపల ఉండే బ్యాలెన్స్ ఎక్కడికీ కదల్లేదంటుంది.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. ఒక ఫ్యాక్టరీకి వీఆర్‌లో క్రేన్ ట్రైనింగ్ చేసిచ్చాం. షెడ్డులో పొగ, నిప్పురవ్వలు, అన్నీ పెట్టి మురిసిపోయాను. చేతిలో ఉండే కంట్రోలర్ మీది స్టిక్ ముందుకి తోస్తే మనిషి షెడ్డంతా జారుకుంటూ వెళ్తాడు. డెమో రోజు సేఫ్టీ ఆఫీసర్ గారు, యాభై దాటిన మనిషి, హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడ్డారు. రెండు నిమిషాలు కాలేదు, మాట్లాడుతున్నవారు మాటలాపేశారు, చెయ్యి గాల్లో కుర్చీ కోసం వెతుకుతోంది. తీసేసరికి నుదుటి మీద స్ట్రాప్ అచ్చు, దాని చుట్టూ చెమట. ఆయనకి అలవాటు లేక అని లోలోపల అనుకున్నాను, ఆ మాటకి ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత చూస్తే నా పొగే ఫ్రేములన్నీ తినేసి సెకనుకి 50 దగ్గర పడేసింది. పొగ పీకేశాం, జారడం తీసేసి, వేలితో చూపించిన చోటికి ఠక్కున వెళ్లేలా మార్చాం. అదే ఆయన మళ్లీ వచ్చి ఇరవై నిమిషాలు క్రేన్ నడిపారు, పైగా హుక్కు పొజిషన్ తప్పని మమ్మల్నే తిట్టారు.

కాబట్టి చూసేవాళ్ల తలని నువ్వు కదపకు తల్లీ. సినిమావాళ్లలా కెమెరా తిప్పాలని చెయ్యి లాగుతుంది, ఆగు. వెనక్కి చూడాలంటే వెనక కుక్కర్ విజిల్ వేయించు, వాళ్లే తిరుగుతారు. నన్నడిగితే బొమ్మ కంటే శబ్దమే ఎక్కువ పని చేస్తుంది, అందరూ దాన్ని ఆఖరి రోజుకి వదిలేస్తారు.

హెడ్‌సెట్‌ని కిటికీ దగ్గర పెట్టకు, ఎండ ఆ లెన్సుల్లోంచి పడితే లోపలి స్క్రీన్ కాలిపోతుంది. గది మధ్యలో ఒక డోర్‌మ్యాట్ వేసుకో, ఎటు జరిగావో కాళ్లకి తెలుస్తుంది. నీ రెండు కళ్ల మధ్య దూరానికి తగ్గట్టు లెన్సులు సరిచేసుకోవడం మర్చిపోకు. తల తిరిగినట్టనిపిస్తే ఇంకొంచెం చూద్దామనుకోకు, తీసేసి పడుకో. ఆ పూటకి అంతే.

సాఫ్ట్‌వేర్ అంటావా, గేములూ వీఆర్ లోకాలూ కట్టడానికి యూనిటీ అయినా గోడో (Godot) అయినా ఒకటే, ఏదో ఒకటి పట్టుకో. గోడో ఫ్రీ. వస్తువుల 3డీ మోడల్స్ చేయడానికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్. కొలతలు మాత్రం మీటర్లలో, ఉన్నవి ఉన్నట్టు.

మొదటి పనిగా గ్రహాంతరాలూ దయ్యాల కోటలూ వద్దు. ఊళ్లో మన వంటిల్లు చెయ్యి. టేపు తీసుకెళ్లి పొయ్యి గట్టు, ఉట్టి ఎత్తు, కిటికీ, అన్నీ కొలువు. ముఖ్యంగా ఆ గుమ్మం. మీ నాన్న నుదురు ఎన్నిసార్లు పగిలిందో దానికి! ఒక్క అంగుళం తేడా వచ్చినా నానమ్మ ఒంటికి తెలిసిపోతుంది, ఏం తప్పో మాత్రం చెప్పలేదు. అయ్యాక ఆవిడకి పెట్టి, పక్కనే చెయ్యి పట్టుకుని నిలబడి, వంటింట్లోకి నడవమను. గుమ్మం దగ్గర తల వంచిందో లేదో వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

అత్త