చలికాలంలో క్యారవాన్‌కి గాలి కావాలా, కవరు కావాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో లీడ్స్ దగ్గర ఉంటామండీ. మొన్న సమ్మర్‌లో సెకండ్‌హ్యాండ్ టూరింగ్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి బండి) ఒకటి కొన్నాం. ఇక మార్చి దాకా బయటికి తియ్యం, ఇంటి ముందే ఉంటుంది. మా నాన్నగారేమో ఊర్నుంచి ఫోన్ చేసి, వరి కుప్పకి కప్పినట్టు బరకం కప్పి తాళ్ళు బిగించెయ్ రా అంటున్నారు. చెమ్మ రాకుండా లోపల వెంట్లు (గాలి ఆడే కన్నాలు) కూడా టేపేసి మూసేద్దామా?

జవాబు: వెంట్ల జోలికి మాత్రం వెళ్ళకండి బాబూ. నేల దగ్గరుండేవి గ్యాస్ లీకైతే కిందికి జారి బయటికి పోడానికి పెట్టినవి, ఎల్పీజీ గాలికంటే బరువు కదా. ఇంకోటేంటంటే చెమ్మంటే వానే అనుకుంటాం గానీ లోపలి గాల్లోనే బోలెడు తేమ ఉంటుంది, రాత్రి గోడలు చల్లబడగానే అదే నీళ్ళై అంటుకుంటుంది, అన్నీ మూసేస్తే దానికి పోయే దారుండదు, ఇక కుషన్ల వెనకంతా నల్ల బూజే.

బరకం కూడా అందుకే వద్దంటున్నా. ప్లాస్టిక్ కింద ఆవిరి చిక్కుకుపోతుంది, పైగా గాలికి కొట్టుకుని కిటికీల మీద గీతలు పడతాయి, అవి గాజు కావు, అక్రిలిక్. కప్పాలనుంటే క్యారవాన్ల కోసమే చేసే బ్రీతబుల్ కవర్, అంటే లోపలి ఆవిరి బయటికి పోనిచ్చేది, కొనండి, బండి శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరాకే వెయ్యండి.

నన్నడిగితే కవరుకంటే నీళ్ళ సంగతే ముందు. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పైపో వాటర్ హీటరో పగిలినా మార్చిలో నీళ్ళు నింపేదాకా తెలీదు. పంప్ ఆపి, డ్రెయిన్ వాల్వులు తెరిచి, కుళాయిలన్నీ తిప్పి అలాగే వదిలెయ్యండి, ఒకే లివర్ ఉండే కుళాయైతే లివర్ మధ్యలో ఉంచాలి, లేకపోతే వేడి, చల్ల పైపుల్లో ఏదో ఒకదాంట్లో నీళ్ళుండిపోతాయి. టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే కింది ట్యాంకు) కూడా ఖాళీ చెయ్యండి. ఫ్రిజ్ తలుపు కొంచెం తెరిచుంచండి. కుషన్లు ఇంట్లో పెట్టుకుంటే మంచిది, చోటు లేదంటే గోడకి ఆనకుండా నిలబెట్టండి.

కొంతమంది చిన్న గ్యాస్ హీటర్ తెచ్చి లోపల వెలిగిస్తారు, ఆరుతుందని. కిలో గ్యాస్ మండితే లీటరున్నర పైనే నీళ్ళు ఆవిరై ఆ గాల్లోనే కలుస్తాయి, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం సరేసరి. తేమ పీల్చే క్రిస్టల్స్ డబ్బాలు పెట్టుకోవచ్చు గానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి, వెంట్లలోంచి బయటి గాలి వస్తూనే ఉంటుంది మరి.

సెకండ్‌హ్యాండ్ అన్నారు కాబట్టి అసలు అనుమానం అక్కడే నాకు. ఆనింగ్ రైల్ (పక్కన గుడారం తగిలించే పట్టీ), రూఫ్‌లైట్ల (పైకప్పు కిటికీల) చుట్టూ, మూలల్లో సందులు మూసే సీలెంట్ ఎండి పగిలితే నీళ్ళు గోడ లోపలికి దిగుతాయి, కవర్ వేసేస్తే అసలు కనపడదు. గోడలో తేమ ఎంతుందో చూపించే డ్యాంప్ మీటర్ పెట్టి చూడండి, మామూలుగా 15 శాతం లోపుంటే ఫర్వాలేదు, 20 దాటితే మాత్రం కప్పేముందే వర్క్‌షాప్‌లో చూపించండి.

నేల మట్టంగా ఉంటే చక్రాలకి అడ్డుకట్టలు పెట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలెయ్యండి, లేదంటే బ్రేకులు పట్టేస్తాయి, అప్పుడప్పుడూ బండి కాస్త కదిపితే టైర్లు ఒకేచోట అణగవు. బ్యాటరీ తీసి ఇంట్లో ఛార్జ్ పెట్టుకోండి.