ఉప్పు పెంచినా డునాలియెల్లా ఎర్రబడటం లేదా? ముందు వెలుతురు చూడండి

డునాలియెల్లా సలీనా (ఉప్పునీటిలో బతికే ఏకకణ ఆల్గే) కల్చర్‌లో ఉప్పు రెట్టింపు చేసినా పచ్చగానే ఉంది, ఎర్రటి-నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్ ఎందుకు రాలేదని అడిగారు. ఈ ఆల్గేను ల్యాబ్‌లో కొంతకాలం పెంచాను కాబట్టి చెబుతున్నా: ఉప్పు పెరిగితే కణంలో ముందుగా, తప్పనిసరిగా పెరిగేది గ్లిసరాల్ (కణంలో నీటిని పట్టి ఉంచే పదార్థం).

దీనికి గట్టి కణకవచం లేదు, పల్చటి పొర మాత్రమే. బయట ఉప్పు పెరగగానే నీరు పోయి కణం ముడుచుకుంటుంది. అప్పుడు కిరణజన్య సంయోగక్రియతోనూ, దాచుకున్న పిండిపదార్థం కరిగించీ గ్లిసరాల్ తయారుచేసుకుని, కొన్ని గంటల్లో మళ్లీ మామూలు సైజుకి వస్తుంది. ఈ సర్దుబాటుకీ రంగుకీ నేరుగా ముడిపెట్టకండి.

రంగు సంగతి 1983లో బెన్ అమోట్జ్, ఆవ్రాన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు: ఒక విభజనకీ మరో విభజనకీ మధ్య కణం ఎంత వెలుతురు పీల్చుకుందన్నదే అసలు లెక్క. ఎక్కువ ఉప్పు, నైట్రేట్ (నత్రజని పోషకం) కొరత విభజనను నెమ్మదింపజేస్తాయి, అంతే. అవి ఉన్నా వెలుతురు చాలకపోతే కణాలు పచ్చగానే మిగిలిపోతాయి. చిక్కగా ఉన్న ఫ్లాస్క్‌లో ముందు వరుస కణాలే వెలుతురంతా తినేస్తాయి, వెనకున్నవి నీడలోనే. నా దగ్గర ఎప్పుడూ పనిచేసిన పద్ధతి ఒకటే: కల్చర్‌ని అదే ఉప్పున్న, నైట్రేట్ లేని మీడియంలో బాగా పలచన చేసి, గట్టి లైటు కింద పెట్టడం. అన్నీ కుదిరితే పొడి బరువులో 10 శాతం దాకా బీటా కెరోటిన్ చేరుతుంది. అదే సమయంలో క్లోరోఫిల్, ప్రొటీన్ తగ్గుతాయి, ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అందుకే ముందు హాయిగా పెంచి, తర్వాత ఒత్తిడిలో పెడతారు. చలి కూడా విభజనను తగ్గిస్తుంది, పైగా బీటా కెరోటిన్‌లో 9-సిస్ అనే అణురూపం వాటా పెంచుతుంది.

ఫలితాన్ని కణానికి ఎంత, లీటరుకి ఎంత అని రెండు రకాలుగా రాసుకోండి. మొదటిది పెరిగి రెండోది పడిపోవడం మామూలే, చాలా రిపోర్టుల్లో గందరగోళం ఇక్కడే. (ఈదే కణాలను లెక్కపెట్టడం నరకం, చుక్క లూగోల్ అయోడిన్ వేస్తే కదలకుండా ఉంటాయి.) పొడి బరువు కోసం మంచినీళ్లతో కడిగారో, కణాలు పగిలి లోపలిదంతా పోతుంది. కడగకపోతే ఉప్పునే తూస్తారు. మీడియంకి సమానమైన గాఢతలో అమ్మోనియం ఫార్మేట్ ద్రావణం వాడండి, ఆరబెట్టినప్పుడు ఆవిరైపోతుంది.

ఇంకొకటి, మీ జాతి ఏదో నిర్ధారించుకోండి. డునాలియెల్లా టెర్షియోలెక్టా అయితే ఎంత వెలుతురు పెట్టినా ఇలా ఎర్రబడదు.