జరపడమా, కదపడమా, తరలించడమా?

సందేహం: మా కార్యాలయంలో ఒక్కొక్కరికి రెండేసి మానిటర్లు ఉంటాయి. టెక్స్ట్ ఎడిటర్ విండోను ఒక తెరమీదినుంచి రెండవదానిమీదికి పంపడం, దాన్ని పెద్దదిగానో చిన్నదిగానో చేయడం ఎలాగో కొత్తవారి కోసం తెలుగులో వ్రాస్తున్నాను. మొదటి పనికి కదిలించు, జరుపు, తరలించు అనేవాటిలో ఏది తగినది? రెండవదానికి ‘పునఃపరిమాణీకరించు’ అనమని ఒకరు సూచించారు. అది సాధువేనా? – ఒక పాఠకుడు

సమాధానం: రెండవదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మాట చూసినప్పటినుంచీ మనసు మనసులో లేదు. శుక్లీకరణం అంటే తెల్లగా లేనిదాన్ని తెల్లగా చేయడం. ఇలా ‘-ఈకరణం’ అని మాటలు కట్టే సంస్కృత ప్రత్యయాన్ని ‘చ్వి’ అంటారు. అది అభూతతద్భావంలో, అంటే ఇంతకుముందు అలా లేనిది అలా కావడం అనే అర్థంలో, వస్తుంది. ఆ లెక్కన పరిమాణీకరణం అంటే పరిమాణం కానిదాన్ని పరిమాణంగా చేయడం అవుతుంది. దానికి ‘పునః’ తగిలిస్తే ఆ విడ్డూరాన్ని మరొకసారి చేయడం అవుతుంది. విండో పాపం ఏం చేసిందని?

పెరగడాన్ని చెప్పడానికి తెలుగుకు ఎంత తక్కువ సామగ్రి చాలునో పోతన వామనుణ్ణి చూస్తే తెలుస్తుంది. ‘ఇంతింతై, వటుఁ డింతయై మఱియుఁ దా నింతై’ అన్నంతవరకు వటువు మన కంటిముందు నేలమీదనే ఉన్నాడు కనుక సమీపాన్ని చెప్పే ‘ఇంత’. ‘నభోవీథిపై నంతై’ అనేసరికి దూరాన్ని చెప్పే ‘అంత’. మేఘమండలం దగ్గర ‘అల్లంతై’. చివర ‘బ్రహ్మాండాంత సంవర్ధియై’ అనే సంస్కృత సమాసం వచ్చేవరకు పెరుగుట అనే అర్థమున్న మాట ఒక్కటైనా లేదు, అంతా ‘అగు’ ధాతువే మోసింది. ఆ వెంటనే వచ్చే ‘రవిబింబం బుపమింపఁ బాత్రమగు’ పద్యం మీ సందేహానికి మరీ దగ్గరిది. సూర్యుడు మొదట గొడుగు, తరువాత తలమీది రత్నం, చెవికి అలంకారం, కంఠాభరణం, కేయూరం, కంకణం, మొలగంట, కాలి అందె, ఆఖరికి పాదపీఠం. ఇన్ని అయినా సూర్యుడు ఉన్నచోటనే ఉన్నాడు, వటువు పాదం ఇంకా ఎత్తలేదు. అది పెరగడమే కాని జరగడం కాదు. విండో మూల పట్టుకొని లాగినప్పుడు ఎదుటి మూల స్థిరంగా ఉండి కొలత మారుతుంది. పైనున్న శీర్షిక పట్టీని పట్టుకొని లాగినప్పుడు కొలత అలాగే ఉండి చోటు మారుతుంది. కనుక మూల పట్టుకొని లాగడాన్ని పెంచు, తగ్గించు అనండి. ఆ రెండు మాటలకూ కలిపి మెనూలో ఒకే మాట కావాలంటే ‘కొలత మార్చు’ చాలు. ఎడిటర్లు తమ వెడల్పును ఎన్ని అక్షరాలు పడతాయన్న లెక్కన, సాధారణంగా 80 అని, కొలుచుకొనే అలవాటు ఉన్నవే కనుక కొలత అన్న మాట వాటికి మరింత నప్పుతుంది. ఆ లెక్కకు అక్షరాలన్నీ ఒకే వెడల్పున ఉండాలి. తెలుగులో ‘ర’కూ ‘ఘా’కూ ఒకే వెడల్పు ఎలా కుదురుతుందన్నది వేరే గొడవ.

ఇక చోటు మార్చడం. కదులుటలో చలనం ప్రధానం: పన్ను కదులుతుంది, పునాది కదులుతుంది. విండోస్‌లో శీర్షిక పట్టీని పట్టుకొని గబగబ ఊపితే తక్కిన విండోలన్నీ అణిగిపోయే సదుపాయం ఒకటి ఉన్నది. దానికైతే కదపడమే సరియైన మాట. తరలుటలో ప్రయాణసన్నాహం ఉన్నది, పెళ్ళివారు తరలివస్తారు. ఈనాటి పత్రికలు క్షతగాత్రుణ్ణీ, ఇసుకనూ, దొంగనూ ఒకే క్రియతో తరలించి దాని గౌరవం తీసివేశాయి. జరుపుట మాత్రం ఉన్నదాన్ని ఉన్నట్టుగా పక్కకు పంపడం. ‘కాస్త జరగండి’ అంటే బస్సులో ఎవరూ నిఘంటువు తెరవరు.

ఇందులో మరొక లాభం ఉన్నది. జరుగు–జరుపు, పెరుగు–పెంచు అనే జంటల్లో పని తానుగా జరిగిందో, ఒకరు చేశారో క్రియే చెప్పివేస్తుంది. తెరమీద అక్షరాలూ బొమ్మలూ ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే అమరికను స్కేలు అంటారు. 100 శాతం స్కేలు పెట్టిన తెరనుంచి 150 శాతం పెట్టిన తెరకు విండోను పంపితే చాలాసార్లు అది పిక్సెళ్ళ (తెరమీది చుక్కల) లెక్కలో దానంతటదే పెద్దదవుతుంది. అక్కడ ‘విండోను జరిపాను, పెరిగింది’ అంటే చాలు. ‘పెంచాను’ అంటే అబద్ధం. ‘పునఃపరిమాణీకరణ జరిగింది’ అంటే చేసినవాడెవడో తేలదు.

కాబట్టి ‘విండోస్, షిఫ్ట్ మీటలు నొక్కిపట్టి కుడి బాణం నొక్కితే విండో పక్క మానిటర్‌లోకి జరుగుతుంది’ అని వ్రాయండి. ఒక తెర దాటి మరొక తెరకు పోతున్నది గనుక తరలించు అనేవారిని నేను పూర్తిగా కాదనలేను, తెరలోపలి చలనానికి జరుపు, తెర దాటడానికి తరలించు అని విభజించుకొన్నా తప్పు పట్టను. కాని నా ఓటు రెండుచోట్లా జరుపుకే.