చిన్నీకి, కాన్పు సెలవు డబ్బు సంగతి

చిన్నీ,

ఐదో నెల పడిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మే రెండో వారంలో కాన్పు తేదీ ఇచ్చారట. కాన్పు సెలవు డబ్బు కోసం ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, పని మొత్తం నువ్వే చూసుకుంటానన్నావట, ఎవరూ వెంట రానక్కర్లేదన్నావట. విని ఎంత మురిసిపోయానో. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు బిడ్డా. పోయిన ఆగస్టు మధ్యలో నువ్వు కంపెనీ మారావు కదా, నా దిగులంతా అక్కడుంది.

ముందు నీకు రావలసింది ఎంతో తెలుసుకో. మొదటి కాన్పుకు, రెండో కాన్పుకు 26 వారాలు, అంటే 182 రోజులు. అందులో తేదీకి ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు, మిగతావన్నీ పుట్టాక. రోజుకు నీ సగటు రోజు జీతం ఎంతో అంతా ఇస్తారు, కోత లేదు. నెలకు 18,000 అంటే రోజుకు సుమారు 590, మొత్తం మీద లక్షా ఏడు వేల దాకా. ఇది కంపెనీ దయతలచి ఇచ్చేది కాదు. నీ జీతంలోంచి నెలనెలా పోతున్నదానికీ, వాళ్లు నీ పేరున కడుతున్నదానికీ బదులు. అల్లుడి కార్డు మీద నీకు వైద్యం అందుతుందేమో గానీ ఈ డబ్బు రాదు. బీమా నీ పేరున ఉండాలి.

పేస్లిప్పు తీసి ఈఎస్ఐ అన్న గడి చూడు. నీ వాటా జీతంలో 0.75 శాతం. 18,000కు 135 రూపాయలు పడాలి. అక్కడ 75 కనిపించిందనుకో, వాళ్లు నీ జీతాన్ని 10,000గా రాసి పంపుతున్నారని అర్థం. రేపు నీకు లెక్క కట్టేది కూడా ఆ పదివేల మీదే. నెలకు అరవై మిగిలిందని సంబరపడితే కాన్పునాటికి నలభై వేలకు పైగా పోతాయి. తేడా ఉంటే ఇప్పుడే అడుగు, నోటితో కాదు, మెయిల్ రాసి అడుగు.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది. మీ అక్క మొదటి కాన్పులో జరిగింది నీకు పైపైనే తెలుసు, అప్పుడు నువ్వు ఇంటర్ పరీక్షల్లో ఉన్నావు. వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నీ జీతంలోంచి పోయే ఆ వాటానే చందా అంటారు, దానికి డెబ్భై రోజుల నియమం ఒకటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. మొదటిదానికి ఫలిత కాలం, అంటే డబ్బు దక్కే కాలం, ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ మధ్య, రెండోదానికి జూలై నుంచి డిసెంబరు మధ్య. కాన్పు పడిన ఫలిత కాలానికి ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా ఉండాలి. మీ అక్క కాన్పు మార్చిలో. దానికి ముందు ఏడాది ఫిబ్రవరి పన్నెండున ఒక చోట చేరి మార్చి ఆఖరుకు మానేసింది, 48 రోజులు. ఆగస్టు ఒకటిన ఇంకో కంపెనీలో చేరింది, సెప్టెంబరు ఆఖరుకు 61 రోజులు. కలిపితే 109. నియమానికి మించే ఉంది. అక్టోబరు నుంచి కాన్పు దాకా చేసింది కూడా ఉంది, కానీ అది జూలై తర్వాతి లెక్క, మార్చి కాన్పుకు అక్కరకు రాదు.

అయినా దరఖాస్తు వెనక్కొచ్చింది. ఎందుకంటే ఆ 109 రోజులు ఒక్కచోట లేవు. కొత్త కంపెనీలో వివరాలు ఎక్కించే కుర్రాడు "ఇదివరకు ఇన్సూరెన్స్ నంబరు ఉందా" అని అడిగితే, అది పీఎఫ్ సంగతనుకుని మీ అక్క తన పన్నెండంకెల పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, ఇచ్చింది. అది ఇక్కడ పనికిరాలేదు. అతను "లేదు" అని నొక్కి కొత్త నంబరు పుట్టించేశాడు. ఒక నంబరు మీద 48, ఇంకోదాని మీద 61. ఏదీ డెబ్భై కాదు. ఈఎస్ఐ నంబరుకు పదే అంకెలు. మనిషికి జీవితాంతం ఒకటే ఉండాలి, ఎన్ని కంపెనీలు మారినా దాన్నే కొత్త యాజమాన్యానికి ఇవ్వాలి. ఈ ఒక్క ముక్క దానికి చెప్పినవాళ్లు లేరు.

తర్వాత రెండు నంబర్లూ కలపమని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అర్జీ, రెండు కంపెనీల నియామక పత్రాలు, పేస్లిప్పులు, ఆధార్. పాత కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. పచ్చి బాలింత, పసిదాన్ని అమ్మ ఒళ్లో పెట్టి ఎండలో తిరిగింది. డబ్బు వచ్చేటప్పటికి పిల్ల బోర్లా పడి పాకుతోంది. ఈలోపు మెడలో గొలుసు తాకట్టుకు పోయింది. గొలుసు పోతే పోయింది, పాల డబ్బాకు కూడా వందా రెండొందలు అడుక్కోవలసి వచ్చిందని ఆ పిల్ల నాతో అన్నప్పుడు నాకు మాట రాలేదు. నీకు ఆ రోజు రాకూడదు.

నీ లెక్క చూడు. మే కాన్పు కాబట్టి పోయిన ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, దానికి ముందు ఆరు నెలలు. పాత కంపెనీలో నీకు కావలసినన్ని రోజులున్నాయి. కొత్త కంపెనీ నీకు వేరే నంబరు పుట్టించి ఉంటే దాని మీద ఉన్నది 46 రోజులే. ఇప్పటి పేస్లిప్పు మీది పదంకెలూ, పాతదాని మీది పదంకెలూ పక్కపక్కన పెట్టి చూడు. ఒకటే అయితే దేవుడికి దండం పెట్టుకో. వేరైతే ఈ వారమే కదులు, ఇంకా నాలుగు నెలల టైముంది.

పేరు సంగతి కూడా. ఆధార్‌లో ఇంటిపేరు ముందుందా, వెనకుందా? పెళ్లయ్యాక మార్చావా? ఆధార్, ఈఎస్ఐ, బ్యాంకు మూడింట్లో ఒకేలా ఉండాలి. కాన్పు రోజు ఆసుపత్రిలో జనన వివరాలు రాసే కాగితం మీద తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంగ్లీషు అక్షరంతో సహా చూసి రాయించు. హడావిడిలో అల్లుడి నోటితో చెప్పించకు. పుట్టిన 21 రోజుల్లోపు నమోదైపోవాలి. బారసాల కాలేదని ఆగకు, బిడ్డ పేరు ఏడాది లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు.

మిగతావి మామూలే. నీ ఈ-పెహచాన్ కార్డు, అంటే ఈఎస్ఐ గుర్తింపు కార్డు, మీద ఏ డిస్పెన్సరీ ఉందో అక్కడే గర్భం నమోదు చేయించుకో. ఇల్లు మారినా పాత అడ్రసు డిస్పెన్సరీయే ఉండి ఉంటుంది, మార్పించుకో. సనత్‌నగర్ ఆసుపత్రికైనా, నాచారానికైనా మామూలు చూపింపులకు అక్కణ్నుంచి రాయించుకుని వెళ్లాలి. నొప్పులొస్తే మాత్రం కాగితం కోసం ఆగకు తల్లీ, నేరుగా వెళ్లు. డబ్బు కోసం పెట్టేది ఫారం 19, డాక్టరు సర్టిఫికెట్టుతో.

ఇంకో రెండు. "ఇంట్లోంచే కాస్త లెక్కలు చూడమ్మా, సగం జీతం ఇస్తాం" అంటారు, మంచివాళ్లలాగే అంటారు. జీతం తీసుకుని పనిచేసిన రోజులకు ఈ డబ్బు రాదు. ఒప్పుకోకు. రాజీనామా రాసిస్తే మళ్లీ తీసుకుంటామంటే అసలే సంతకం పెట్టకు. ఈ సెలవులో ఉన్న మనిషిని తీసేస్తూ ఇచ్చే నోటీసు చెల్లదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు, అందుకే నీ చేతే రాయిస్తారు.

కోప్పడుతున్నాననుకోకు. ఐదేళ్లప్పుడు కిరాణా కొట్లో చిల్లర తక్కువిచ్చారని ఒక్కదానివే తిరిగి వెళ్లి రూపాయి తెచ్చావు. ఆ పిల్లవే నువ్వు, చేసుకోగలవు. బస్సుల్లో మాత్రం నిలబడి తిరగకు, జీడిమెట్ల రోడ్డు గుంతలు నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే వస్తున్నా, నువ్వుల ఉండలు తెస్తున్నా. రెండు కంపెనీల పేస్లిప్పులూ పోయిన ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా నెల వరసన పెట్టి ఉంచు. పాతవి దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకు, మెయిల్లో ఉంటాయి, ఇద్దరం కలిసి తీద్దాం.

ప్రేమతో,
మీ మేనత్త