బొగ్గు గని నుంచి ప్రధాని కుర్చీకి

ప్రశ్న: బొగ్గు గనిలో పనిచేసిన కుర్రాడు ఆస్ట్రేలియాకి ప్రధాని అయ్యాడని ఎక్కడో విన్నాను, నిజమేనాండీ?

జవాబు: నిజమేనండీ, ఆయన పేరు ఆండ్రూ ఫిషర్. 1862లో స్కాట్లాండ్‌లోని క్రాస్‌హౌస్ అనే ఊళ్ళో పుట్టాడు, పదేళ్ళ వయసుకే గనిలోకి దిగాడు, మనమైతే ఆ వయసులో హోంవర్క్ ఎగ్గొట్టడానికి వంకలు వెతుక్కునేవాళ్ళం కదా! యూనియన్‌లో చేరి సమ్మెల్లో ముందుండేసరికి యజమానులు పని ఇవ్వడం మానేశారు, దాంతో 1885లో ఓడెక్కి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయాడు, అక్కడ జింపీ అనే ఊళ్ళో మళ్ళీ గని పనే, కాకపోతే ఈసారి బంగారం.

1893లో ఎమ్మెల్యే, తర్వాత ఓడిపోయి ఊళ్ళోనే పేపర్ పెట్టడంలో చెయ్యేశాడు, మళ్ళీ గెలిచాడు. 1899లో క్వీన్స్‌లాండ్‌లో ప్రపంచంలోనే మొట్టమొదటి లేబర్ (కార్మికుల పార్టీ) ప్రభుత్వం వచ్చింది, అందులో ఈయన మంత్రి, కానీ అది సరిగ్గా వారం రోజులే నడిచింది లెండి.

ఆ తర్వాత మూడుసార్లు ఆస్ట్రేలియా ప్రధాని అయ్యాడు, 1910లో అయితే పూర్తి మెజారిటీతో. నన్నడిగితే అసలు పని జరిగింది అప్పుడే. కామన్వెల్త్ బ్యాంక్ అనే ప్రభుత్వ బ్యాంకు పెట్టాడు, 1912లో బిడ్డ పుడితే తల్లికి 5 పౌండ్లు ఇచ్చే చట్టం తెచ్చాడు, పెళ్ళి కాని తల్లులకి కూడా ఇస్తారా అని కొందరు గోల చేసినా వెనక్కి తగ్గలేదు. కానీ అదే చట్టంలో ఆదివాసీ తల్లులకీ ఆసియా తల్లులకీ పైసా లేదు, ఇది మాత్రం మింగుడు పడదు.

1915లో ప్రధాని పదవి వదిలేసి హైకమిషనర్‌గా, అంటే ఆస్ట్రేలియా ప్రతినిధిగా, లండన్ వెళ్ళాడు, 1928లో అక్కడే పోయాడు.